గేమ్ ఆఫ్ డెత్‌లో అసలు బ్రూస్ లీ ఎంతసేపు ఉంటాడు?

డ్రాగన్_అభిమాని:
నిన్న రాత్రి గేమ్ ఆఫ్ డెత్ చూశా. ఎంటర్ ది డ్రాగన్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు గానీ ఇది మాత్రం ఇదే మొదటిసారి. చాలాసేపు హీరో మొహం సరిగ్గా చూపించనే చూపించరు, పెద్ద నల్ల కళ్లద్దాలు, లేకపోతే వెనకనుంచి షాట్. అద్దం ముందు కూర్చున్న సీన్‌లో అయితే ఫొటో కత్తిరించి అతికించినట్టే ఉంది. కానీ చివర పసుపు డ్రెస్‌లో పై అంతస్తులకి ఎక్కాక ఒళ్లు గగుర్పొడిచింది. ఇందులో ఆయన నిజంగా చేసింది ఎంత? మిగతాదంతా ఎవరు?

పాతసినిమాలు:
మీకు గగుర్పొడిచిందే అసలుది. 1972లో హాంకాంగ్‌లో ఆయనే డైరెక్ట్ చేస్తూ ఈ ఫైట్లు తీశాడు, మధ్యలో ఎంటర్ ది డ్రాగన్ అవకాశం రావడంతో దీన్ని ఆపాడు, 1973 జులై 20న చనిపోయాడు. తర్వాత నిర్మాణ సంస్థ గోల్డెన్ హార్వెస్ట్ వాళ్లు ఎంటర్ ది డ్రాగన్ డైరెక్టర్ రాబర్ట్ క్లౌజ్‌తోనే కొత్త కథ అల్లించి 1978లో రిలీజ్ చేశారు. బ్రూస్ లీ దీనికోసం తీసినదాంట్లోంచి వాడుకున్నది 11 నిమిషాల చిల్లరే. డూప్ ముఖ్యంగా కొరియా నటుడు కిమ్ తాయ్-చుంగ్, పల్టీలు కొట్టింది యుయెన్ బియావ్. మీరు పట్టుకున్న అద్దం షాట్ కూడా కరెక్టే, బ్రూస్ లీ మొహం ఫొటోని అద్దం మీద అంటించారు.

నంచాకు_77:
నాకు డూప్‌ల మీద కోపం లేదు, వాళ్లు కష్టపడ్డారు. శవపేటికలో ఆయన మొహం, నిజమైన అంత్యక్రియల ఫుటేజ్ తీసుకొచ్చి కథలో హీరో చచ్చినట్టు నటించే సీన్‌కి వాడారు చూడండి, అది మాత్రం చాలా తప్పు, ఆ కుటుంబం ఎలా చూస్తుంది దాన్ని. పైగా కథలో హీరోని షూటింగ్ జరుగుతుండగా తుపాకీతో కాలుస్తారు, 1993లో బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ కూడా ది క్రో షూటింగ్‌లో ప్రమాదవశాత్తూ తుపాకీ దెబ్బకి పోయాడు, 28 ఏళ్లకే. ఆ సినిమా కూడా డూప్‌తో, కంప్యూటర్ సాయంతో పూర్తిచేశారు. ఇది తెలిశాక ఆ సీన్ వస్తే నేను ముందుకి జరిపేస్తా.

కొండమీద_గోపురం:
దయచేసి 2000లో వచ్చిన ఎ వారియర్స్ జర్నీ డాక్యుమెంటరీ చూడండి, అందులో బ్రూస్ లీ తీసిన ఫుటేజ్ అరగంట పైనే ఉంటుంది, ఆయన రాసుకున్న వరసలో. అసలు ఐడియా ఐదంతస్తుల గోపురం, ఒక్కో అంతస్తులో ఒక్కో ఫైటర్, హీరోతో పాటు ఇంకో ఇద్దరు ఎక్కుతారు, 1978లో ఆ ఇద్దర్నీ పూర్తిగా కోసేశారు. ఒక అంతస్తులో ఫైటర్ డాన్ ఇనోసాంటో కర్రలతో వస్తే ఈయన సన్నటి వెదురు బద్దతో నిలబడతాడు, వంగే బద్ద ముందు గట్టి కర్ర ఎందుకు తేలిపోతుందో మాట చెప్పకుండా ఫైట్‌లోనే అర్థమయ్యేలా తీశాడు. పైన ఉండే బాస్కెట్‌బాల్ ఆటగాడు కరీమ్ అబ్దుల్ జబ్బార్ 7 అడుగుల 2 అంగుళాల మనిషి, బయట ఈయన శిష్యుడే. కరీమ్ తన్నాక పసుపు డ్రెస్ మీద, ఛాతీ మధ్యలో ఇంత పెద్ద పాదం ముద్ర పడుతుంది, అక్కడ పాజ్ చేసి చూడండి. వెలుతురు అతని కళ్లకి పడదని కనిపెట్టి కిటికీలు పగలగొడతాడు, కొట్లాటలో కూడా బుర్ర పనిచేసే హీరో. 1978 సినిమా లేకపోతే ఈ ఫైట్లు ఎప్పటికి బయటికొచ్చేవో, అందుకే దాన్ని పూర్తిగా తిట్టలేను నేను.