హాలులో పూల టైల్స్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? గోడ దగ్గర పువ్వు తెగిపోతోంది

ఇంటిపని హన్మకొండ
పొద్దున్నుంచి దీని మీదే ఉన్నాం, తల వాచిపోయింది. హాలుకు నాలుగు టైల్స్ కలిస్తే ఒక పువ్వు అయ్యే డిజైను తీసుకున్నాం. సిమెంటు వేయకముందే ఉత్తగా పరిచి చూస్తున్నాం. వీధి గుమ్మం నుంచి నిండు పువ్వుతో మొదలుపెడితే పూజగది ముందు సగం పువ్వు, దాని పక్కన నాలుగు అంగుళాల పట్టీ మిగులుతున్నాయి. పూజగది వైపు నుంచి వస్తే అదే కథ గుమ్మం దగ్గర. నడిమధ్య నుంచి పరిస్తే నాలుగు వైపులా రేకులు తెగిపోతున్నాయి. పైగా కాగితం మీద లెక్క వేసినప్పుడు మిగలాల్సింది రెండు అంగుళాలే, నేల మీద నాలుగు ఎలా వస్తున్నాయో అర్థం కావడం లేదు. సోఫా, టీవీ బల్ల పెడితే ఎవరికీ కనబడదని మేస్త్రి అంటున్నాడు. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు, నాకూ మనసు ఒప్పడం లేదు. ఐమూలగా వేస్తే సరిపోతుందా? ఇటుక వరసలా వేయాలా? వంటగది గోడకు కూడా ఇదే పువ్వు వేయవచ్చా? మేస్త్రి రేపు పొద్దున్నే వస్తాడు, దయచేసి ఎవరైనా చెప్పండి.

మూలమట్టం
హాలు కొలత? టైలు కొలత? టైలుకూ టైలుకూ మధ్య సందు ఎంత వదులుతున్నారు? టైల్స్ కొన్నారా, నమూనాకు తెచ్చారా? ఇవి లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

బండల ఇల్లు
తమ్ముడూ, ఇంకా అతికించలేదు కాబట్టి చెబుతున్నాను. మన ఉత్తర తెలంగాణలో ఉండి గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల మీద వచ్చే టైల్స్ కోసం ఎందుకింత యాతన? కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైటు విదేశాలకు వెళుతోంది, మనం దాన్ని వంటగది గట్టుకే పరిమితం చేశాం. తాండూరు బండలు, షాబాదు బండలు మన పెద్దల ఇళ్ళలో తరాలు నిలిచాయి. బండకు పువ్వు తెగడం ఉండదు, ముద్ర అరిగిపోవడం ఉండదు. గీతలు పడితే పాలిష్ పట్టిస్తే మళ్ళీ కొత్తదవుతుంది. అచ్చు వేసిన టైలు పైపొర పోయిందంటే అంతే, దానికి పాలిష్ లేదు. ఎండాకాలం మధ్యాహ్నం షాబాదు నేల మీద చాప వేసుకుని పడుకున్నవాళ్ళకు ఆ చల్లదనం ఏమిటో తెలుసు. వరంగల్ ఎండలకు అదే సరైన నేల.

కాజీపేట అక్క
అన్నా, బండల మీద మీ ప్రేమ మంచిదే గాని షాబాదు, తాండూరు రెండూ సున్నపురాళ్ళే. నిమ్మరసం పడినా, చింతపండు పులుసు పడినా మచ్చ తేలుతుంది. స్నానాలగది కడిగే యాసిడ్ పడితే మెరుపు పోయి గరుకెక్కుతుంది. మా ఇంట్లో భోజనాల దగ్గర ఆ మచ్చలు అలాగే ఉన్నాయి. పైగా ఆయన అడిగింది పువ్వు గురించి.

ఇంటిపని హన్మకొండ
హాలు 17 అడుగుల 2 అంగుళాల పొడవు, 11 అడుగుల 4 అంగుళాల వెడల్పు. టైలు అడుగుకు అడుగు. నీళ్ళు పీల్చని విట్రిఫైడ్ రకమే అని షాపులో చెప్పారు. కొనేశాం, పెట్టెలన్నీ ఇంట్లోనే ఉన్నాయి.

మూలమట్టం
అది అడుగు కాదు. పెట్టె మీద 300 × 300 మిల్లీమీటర్లు అని ఉంటుంది చూడండి. 300 అంటే 11.8 అంగుళాలు. సందు 2 మిల్లీమీటర్లు అనుకుని కలిపితే 302, అడుగంటే 305. ఒక్కో టైలుకు 3 మిల్లీమీటర్ల చొప్పున 17 టైల్స్‌కు రెండు అంగుళాలు తేడా వస్తుంది. మీ కాగితానికీ నేలకూ పడనిది అక్కడే.

ఇటుక వరస వద్దు. ఒక వరస జరిపారంటే నాలుగు ముక్కలు కలవవు, పువ్వే ఉండదు. ఐమూలగా వేస్తే గోడల చుట్టూ త్రికోణం ముక్కలే వస్తాయి, వృథా 15 శాతం దాకా పోతుంది. పువ్వు కూడా గుమ్మంలోంచి చూసేవాళ్ళకు వంకరగా కనబడుతుంది.

కొత్తవాడ మగ్గం
నేను టైల్స్ పని చేసినవాణ్ణి కాదు. మాది కొత్తవాడ, జంపఖానాలు నేసిన ఇల్లు. మీ ప్రశ్న చదవగానే మా నాన్న నేతే గుర్తొచ్చింది. మన వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కాని చాలామంది వాటి అంచును శ్రద్ధగా చూడరు. నడిమి డిజైను ఎప్పుడూ సగంలో ఆగదు. ఎన్ని బొమ్మలు నిండుగా పడతాయో దారాల లెక్క ముందే చూసుకుని, మిగిలిన వెడల్పును నాలుగు వైపులా సాదా అంచుకు పంచుతారు. ఆ సాదా అంచు ఉండబట్టే నడిమి బొమ్మకు అందం. ఇప్పటి ఇళ్ళలో గోడ నుంచి గోడ దాకా డిజైనుతో నింపేస్తున్నారు, కంటికి నిలకడే ఉండదు. మీ హాలులో పూలను జంపఖానాలా నడుమ పరిచి, చుట్టూ సాదా టైల్స్ వేసి చూడండి. రంగు మాత్రం పువ్వులో అన్నిటికన్నా తక్కువ కనిపించే రంగు తీసుకోండి. పువ్వు వెనుక రంగు తెలుపైతే అంచుకు తెలుపు వద్దు, పువ్వు గోడలోకి కరిగిపోయినట్టు ఉంటుంది.

మూలమట్టం
పెద్దాయన చెప్పింది లెక్కకు కుదురుతోంది. పువ్వు ఒక్కటి సందులతో 604 మిల్లీమీటర్లు. మీ వెడల్పు 3454, అందులో 5 పువ్వులు పోను 434 మిగులుతుంది, అంటే పక్కకు ఎనిమిదిన్నర అంగుళాలు. పొడవు 5232, అందులో 8 పువ్వులు పోను 400, అంటే ఆ చివర, ఈ చివర ఎనిమిదేసి అంగుళాలు. నాలుగు వైపులా దాదాపు ఒకే అంచు. అన్ని హాళ్ళకూ ఇంత బాగా కుదరదు. పూల టైల్స్ 160, సాదావి 56, కోతలో పగిలేవాటికి రెండింటిలోనూ కొన్ని ఎక్కువ ఉంచుకోండి. సాదా టైలు అదే మందంలో ఉండాలి, లేకపోతే అంచు దగ్గర ఎత్తుపల్లం వచ్చి కాలికి తగులుతుంది.

ఇంటిపని హన్మకొండ
ఇది చదివి మా ఆవిడ ఇప్పుడే లేచి కూర్చుంది. ఒక్క సందేహం. 11 అడుగుల 4 అంగుళాలన్నది గుమ్మం వైపు కొలత. పూజగది వైపు 11 అడుగుల 2 అంగుళాలే ఉంది. దాంతో ఏమైనా ఇబ్బందా?

మూలమట్టం
గది మూలమట్టానికి లేదన్న మాట. ముందే చెప్పాల్సింది. గోడను నమ్మి దారం కట్టవద్దు. రెండు చివరలా వెడల్పులో సగం సగం గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మీదుగా నడుమ దారం లాగండి. దానికి అడ్డంగా ఇంకో దారం. రెండూ కలిసేచోటు నుంచి ఒక దారం మీద 3 అడుగులు, రెండో దాని మీద 4 అడుగులు గుర్తుపెడితే ఆ గుర్తుల మధ్య ఐమూల కచ్చితంగా 5 అడుగులు రావాలి. వచ్చేదాకా దారం సర్దండి. పూలు దారాన్ని బట్టే నడవాలి. రెండు అంగుళాల తేడా సాదా అంచులో పోతుంది, ఎనిమిదిన్నర క్రమంగా ఏడున్నర అవుతుంది. సాదా టైలులో అది ఎవరి కంటికీ ఆనదు. అదే పువ్వు గోడ దాకా పోయి ఉంటే గుమ్మంలో నిలబడగానే వంకర తెలిసేది.

టైల్స్ షాపు హన్మకొండ చౌరస్తా
షాపులో ఏం చెప్పినా ఒకసారి పెట్టె మీద చదవండి. అడుగు టైల్స్‌లో పూల డిజైన్లు చాలావరకు సెరామిక్, అంటే నీళ్ళు పీల్చే రకం. విట్రిఫైడ్ అయితే నీటిని అర శాతానికి మించి పీల్చదు.

బండల ఇల్లు
మెరిసేదంతా విట్రిఫైడేనని మీ షాపులవాళ్ళే కదా చెప్పి అమ్ముతున్నారు.

టైల్స్ షాపు హన్మకొండ చౌరస్తా
మెరుపుకూ దానికీ సంబంధం లేదు సార్. విట్రిఫైడ్‌లోనే డబుల్ చార్జ్ అనే రకంలో రంగు పొర మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు ఉంటుంది, అరుగుదల తక్కువ, కాని ఇలాంటి సన్నటి పూలు దాంట్లో రావు. పూలన్నీ పైన అచ్చు వేసి గ్లేజు పూసినవే. అది మోసం కాదు, వేరే రకం సరుకు. ఏ రకమో తెలుసుకుని కొనాలన్నదే నా మాట.

కాజీపేట అక్క
ఈ గొడవ ఆయన ఇంట్లోనే తేలుతుంది. టైలు వెనుక నాలుగు చుక్కల నీళ్ళు పోసి చూడమనండి. వెంటనే పీల్చుకుంటే సెరామిక్, నిలబడి ఉంటే విట్రిఫైడ్. సెరామిక్‌ను సిమెంటుతో వేసేటట్టయితే ముందు నీళ్ళలో నానబెట్టాలి, లేకపోతే సిమెంటులోని తడి అంతా టైలే తాగేస్తుంది. విట్రిఫైడ్‌ను నానబెట్టి లాభం లేదు, దాన్ని గమ్‌తో అతికించాలి. ఇంకొకటి, పెట్టెలన్నిటి మీదా రంగు ఛాయను తెలిపే షేడ్ నంబరు ఒకటే ఉందా?

ఇంటిపని హన్మకొండ
నీళ్ళు పీల్చేసుకుంది. షేడ్ చూశాను, తరువాత తెచ్చిన పెట్టెల మీద నంబరు వేరుగా ఉంది. పక్కపక్కన పెడితే పువ్వు నీలంలో కొద్దిగా తేడా. కింద ఉన్న నేల సంగతి కూడా చెప్పాలేమో, ఇది పాత ఇల్లు. ఉన్న చిప్స్ గచ్చు (మొజాయిక్ నేల) మీదే వేస్తున్నాం.

మూలమట్టం
అసలు మాట ఇప్పుడు వచ్చింది. నున్నటి చిప్స్ గచ్చు మీద ఉత్త సిమెంటు పట్టదు. సెరామిక్ అయినా సరే, పాత నేల మీద వేయడానికి పనికొచ్చే గమ్ వాడాలి, ముందు గచ్చును గరుకు చేయాలి. రేపు మేస్త్రి రాగానే చిన్న సుత్తితో గచ్చంతా తట్టించండి. డొల్ల శబ్దం వచ్చినచోట కొట్టేసి నింపాలి, లేకపోతే పైన టైలు కూడా కొన్నాళ్ళకు లేస్తుంది. నేల అర అంగుళానికి పైగా ఎత్తు పెరుగుతుంది, తలుపుల అడుగు కోయించాలి. వడ్రంగిని పిలిచారా?

బండల ఇల్లు
చిప్స్ గచ్చా! దాన్ని కప్పేస్తారా? పాలిష్ మిషను పెట్టిస్తే అద్దంలా వస్తుంది తమ్ముడూ. ఇప్పుడు అలాంటి గచ్చు చేసే చేతులు దొరకడం లేదు. సుత్తి పడకముందే ఒక మూల నాలుగు అడుగులు పాలిష్ పట్టించి చూడండి, నా మాట విని.

కొత్తవాడ మగ్గం
షేడ్ తేడా ఉన్నవాటిని నడుమ కలపకండి. సోఫా కిందికి వచ్చే వరసల్లో అంతా ఒకే నంబరు, మిగతా అంతా ఇంకో నంబరు ఉండేలా చూడండి. అక్కడొకటి ఇక్కడొకటి కలిస్తే నేల మీద మచ్చల్లా కనిపిస్తాయి.

టైల్స్ షాపు హన్మకొండ చౌరస్తా
విప్పని పెట్టెలు చాలా షాపుల్లో వెనక్కి తీసుకుంటారు. బిల్లు పట్టుకుని రేపే వెళ్ళి మొదటి నంబరు సరుకు ఉందేమో అడగండి. ముందు దాన్ని చూసి తరువాత మేస్త్రికి పని చెప్పండి.

కాజీపేట అక్క
వంటగది గోడ గురించి ఎవరూ చెప్పలేదు. హాలు పువ్వు గరుకు రకమైతే పొయ్యి వెనుక వేయకండి, నూనె, పసుపు ఆ గరుకులో చేరి వదలవు. గోడకు నున్నటివి తీసుకుని సందుల్లో ఎపాక్సీ గ్రౌటు నింపించండి. తెల్ల సిమెంటు పెడితే ఒక్క పోపుకే పచ్చబడుతుంది. గట్టుకూ పై అరలకూ మధ్య ఎంత ఎత్తు ఉంది?

ఇంటిపని హన్మకొండ
మేస్త్రిని ఎల్లుండికి రమ్మన్నాను. షాపుకు వెళుతున్నాం, సాదావి కూడా చూసి వస్తాం. అందరికీ ధన్యవాదాలు.

కాజీపేట అక్క
ఎత్తు చెప్పలేదు తమ్ముడూ. రెండు అడుగులు ఉంటే అక్కడ ఒక్క పువ్వు వరసే పడుతుంది.

బండల ఇల్లు
ఆ గచ్చు ఫోటో ఒకటి పెట్టండి.