పాయింట్ 32 పిస్టల్‌కు అదనపు హంగులు: ఏవి కొనవచ్చు, ఏవి వదిలేయాలి?

ప్రశ్న: మిల్లు యజమాని, మిర్యాలగూడ

పెద్దలందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు. ధాన్యం సీజన్‌లో నగదుతో రాత్రిపూట తిరగవలసి వస్తున్నందున ఆత్మరక్షణకు లైసెన్సు తీసుకొని, ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో తయారైన పాయింట్ 32 పిస్టల్ కొనుక్కున్నాను. నిబంధనల ప్రకారం తీసుకోవలసిన శిక్షణ కూడా పూర్తి చేశాను. పిస్టల్ బాగానే పనిచేస్తోంది గాని, విదేశీయులు గ్లాక్, సిగ్ పిస్టళ్లకు చేయించుకునే మార్పులను యూట్యూబ్‌లో చూస్తుంటే నా దానిలో ఎన్నో లోటుపాట్లు కనిపిస్తున్నాయి. ట్రిగ్గర్ బరువుగా ఉంది (గట్టిగా నొక్కాలి), సైట్లు (గురి చూసే గుర్తులు) మరీ చిన్నవి, చెమట పడితే పిడి జారుతోంది, లైటు బిగించుకోవడానికి కింద పట్టా లేదు.

రెడ్ డాట్ (గురికి ఎర్ర చుక్క చూపే అద్దం), తేలికైన ట్రిగ్గర్, గట్టి రీకాయిల్ స్ప్రింగ్ (పేలాక వెనక్కి వెళ్లిన పైభాగాన్ని తిరిగి ముందుకు తోసేది), కొత్త పిడి, అదనపు మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె), మంచి హోల్‌స్టర్ (నడుముకు కట్టుకునే ఒర), టార్చిలైటు నా మనసులో ఉన్నాయి. 40,000 రూపాయల వరకు ఖర్చు పెట్టగలను. వీటిలో ముందుగా దేనిపై పెట్టాలి? మా ఊళ్లో లేత్ పని బాగా తెలిసిన మిత్రుడు ఒకరు కొన్ని భాగాలను తానే చేసి ఇస్తానంటున్నాడు. అనుభవజ్ఞులు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు: విశ్రాంత ఆర్మరర్, నల్లగొండ

మిల్లు యజమాని గారూ, తుపాకుల మరమ్మతు చేసిన అనుభవంతో చెబుతున్నాను, మీరు చూస్తున్న వీడియోలలోని పిస్టళ్లూ మీ పిస్టలూ లోపలి నిర్మాణంలో ఒకటి కావు. ఈ తేడా తెలిస్తే మీ జాబితాలో సగం దానంతటదే తగ్గిపోతుంది. గ్లాక్ వంటి 9 ఎంఎం పిస్టళ్లలో తూటా పేలిన క్షణంలో బారెల్ (తూటా వెళ్లే గొట్టం), స్లైడ్ (పైన ముందుకూ వెనక్కూ జారే భాగం) ఒకదానికొకటి బిగుసుకొని ఉంటాయి. కొద్ది దూరం కలిసి వెనక్కి వెళ్లిన తరువాతనే విడిపోతాయి. మీ పాయింట్ 32లో ఆ బిగింపు లేదు. బారెల్ ఫ్రేముకు (పిడితో కూడిన కింది భాగానికి) స్థిరంగా ఉంటుంది. లోపలి ఒత్తిడి తగ్గేదాకా తూటా కేసును (మందు నింపిన గొట్టాన్ని) పట్టి ఉంచేవి స్లైడ్ బరువు, రీకాయిల్ స్ప్రింగ్ బలం, ఈ రెండే.

రెడ్ డాట్ కోసం స్లైడ్ పైభాగాన్ని మిల్లింగ్ యంత్రంపై చెక్కితే ఇనుము తగ్గుతుంది, స్లైడ్ తేలికవుతుంది, ప్రతి షాటుకూ అది ఇంకా వేగంగా వెనక్కి వచ్చి ఫ్రేమును కొడుతుంది. గ్లాక్ కంపెనీ 2015 నుంచి రెడ్ డాట్ అమర్చుకోవడానికి వీలైన స్లైడ్‌తోనే కొన్ని నమూనాలను అమ్ముతోంది. అవి ఆ లెక్క చూసుకొని తయారైనవి. మీ దానికి ఆ ఆలోచన పూర్తిగా మానుకోండి.

గట్టి స్ప్రింగ్ సంగతీ అంతే. స్ప్రింగ్ అవసరానికి మించి గట్టిదైతే స్లైడ్ చివరిదాకా వెనక్కి వెళ్లదు. ఖాళీ కేసు బయటికి పడబోతూ మధ్యలో చిక్కుకుపోతుంది, లేదా మ్యాగజైన్‌లోని తరువాతి తూటా పైకి అందదు. కర్మాగారం నిర్ణయించిన బలం గల స్ప్రింగునే వాడాలి. పాతది సాగినట్లు అనుమానం ఉంటే అదే కొలతలోని కొత్తది వేయించుకోండి, ఆ ఖర్చుకు మాత్రం అర్థం ఉంది.

ట్రిగ్గర్ విషయంలో కొంచెం కఠినంగానే చెబుతాను. తూటాను పేల్చే హ్యామర్‌ను ఆపి ఉంచే ముక్క సియర్, దాని అంచు చాలా చిన్నది. ఆ అంచుకు పైపొర వరకే గట్టిదనం ఎక్కించి ఉండవచ్చు. ట్రిగ్గర్ తేలిక కావాలని ఆ అంచును అరగదీస్తే పైపొర పోయి లోపలి మెత్తటి ఇనుము బయటపడుతుంది. మొదట్లో హాయిగా ఉంటుంది గాని, అది అరుగుతున్న కొద్దీ హ్యామర్ ఏ కుదుపుకు జారుతుందో చెప్పలేము. పెద్ద పెద్ద తయారీదారులకే ఈ లెక్క తప్పిన సందర్భాలున్నాయి. సిగ్ పీ320 కొన్ని కోణాలలో కింద పడితే దానంతటదే పేలుతోందని పరీక్షలలో బయటపడగా, 2017లో ఆ కంపెనీ ట్రిగ్గర్ ముక్క సొంత బరువును (నొక్కే బలాన్ని కాదు) తగ్గించడంతో పాటు లోపలి భాగాలు కొన్నింటిని మార్చి ఇవ్వవలసి వచ్చింది. నడుముకు కట్టుకొని మిల్లులో మెట్లెక్కి దిగే మనిషికి బరువైన ట్రిగ్గర్ లోపం కాదు.

అదనపు మ్యాగజైన్ తప్పక తీసుకోండి, అయితే అసలుదే తీసుకోండి. పాయింట్ 32 తూటా అడుగున అంచు కొద్దిగా బయటికి పొడుచుకొని ఉంటుంది. 1899 నాటి బ్రౌనింగ్ రూపకల్పన నుంచీ దాని స్వభావమే అది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. అది వెనక్కి జారితే రెండూ కొక్కెం వేసుకున్నట్లు చిక్కుకుంటాయి, స్లైడ్ ఎంత లాగినా తూటా ముందుకు కదలదు. నింపుతూ ఒక్కో తూటాను బొటనవేలితో వెనక్కి నొక్కుకుంటూ పోయే అలవాటు ఇతర పిస్టళ్లకు మంచిదే గాని దీనికి పనికిరాదు. ప్రతి తూటానూ పక్క నుంచి చూసి పెట్టండి. మ్యాగజైన్ పైన తూటాను పట్టి ఉంచే పెదవులు వంగినా, పగిలినా సుత్తితో సరిచేయడానికి ప్రయత్నించవద్దు.

జవాబు: పాలమూరు షూటర్

మిల్లు అన్నకు నమస్కారం. నేను క్రీడగా పిస్టల్ షూటింగ్ చేస్తాను. మహబూబ్‌నగర్‌లో తగిన సౌకర్యం లేక గచ్చిబౌలిలోని రేంజికి వెళ్లి సాధన చేస్తుంటాను. ఆర్మరర్ సార్ చెప్పిన వాటిని మళ్లీ ఎత్తను, పిడి గురించి, సైట్ల గురించి మాత్రం రాస్తాను.

పోటీ పిస్టల్‌లో అన్నిటికన్నా ముందు సరిచేసుకునేది పిడినే. చేతి కొలతకు తగిన వాల్‌నట్ కర్ర పిడి తీసుకొని, అరచేతి కింద ఆనే భాగాన్ని పైకి కిందికి జరుపుకుంటూ, ఎక్కడ నొక్కుకుంటే అక్కడ ఆకురాయితో తీస్తూ, మరీ లోతైన చోట కర్ర పుట్టీ పెడుతూ నెలల తరబడి సరిచేసుకుంటాము. అంత స్వేచ్ఛ ఉన్న క్రీడలో కూడా హద్దులు గట్టివే. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును మోయాలి, 25 మీటర్ల పిస్టల్‌కు 1000 గ్రాములు. పిడి మణికట్టుకు ఆసరా ఇవ్వకూడదు. రెడ్ డాట్‌కు అసలు అనుమతి లేదు. మా పిడి మీ అవసరానికి సరిపడదు. అది చొక్కా కింద ఇమడదు, హోల్‌స్టర్‌లోకి దిగదు, చీకట్లో తొందరగా పట్టుకుంటే చేతిలో సరిగ్గా కుదరదు.

మీకు జారుడు తగ్గితే చాలు. పక్కలనున్న రెండు పలకల స్థానంలో అదే నమూనాకు సరిపోయే గళ్లు చెక్కిన కర్ర పలకలు గాని, గరుకు రబ్బరు పలకలు గాని వేయించండి. పిడికి తొడిగే రబ్బరు తొడుగు చవకే గాని, మన దగ్గర మే నెల ఎండకు చెమట దాని లోపలికి దిగి అక్కడే నిలుస్తుంది. తీసి చూసేసరికి కింద తుప్పు పట్టి ఉంటుంది. మ్యాగజైన్ కింది భాగాన్నీ, దాన్ని వదిలే మీటనూ తొడుగు అడ్డుకుంటే కొత్త తలనొప్పి. స్కేట్‌బోర్డు మీద అంటించే గరుకు పట్టీని పలకల కొలతకు కత్తిరించి అంటించినా పనవుతుంది. చొక్కాలు కాస్త చిరుగుతాయి, దానికి సిద్ధపడాలి.

సైట్లు స్లైడ్‌లోనే కలిసి తయారైతే వాటిని మార్చే వీలు లేదు. ముందు సైటు వెనుక ముఖానికి మాత్రం తెల్లని ఎనామిల్ పూసి, ఆరాక దానిపై ముదురు నారింజ రంగు వేయండి. వెనుక సైటును నల్లగానే ఉంచండి. చూపు దానంతటదే ముందుకు పోతుంది. రంగు వేసే ముందు పాత నూనెను స్పిరిట్‌తో తుడవకపోతే మొదటి రోజే ఊడిపోతుంది.

ఇంకొక మాట. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించి విలువైన నిమిషాలు పోయిన సంగతి అందరికీ తెలుసు. ఆ స్థాయి పరికరమూ, దాని వెంట నిపుణులూ ఉన్న చోటే అలా జరిగింది. మీరు ఏ మార్పు చేసినా, దానితో రేంజిలో తగినన్ని తూటాలు కాల్చి చూసేదాకా ఆ పిస్టల్‌ను నడుముకు కట్టుకోవద్దు. చెవులకు మఫ్‌లు, కళ్లకు అద్దాలు కూడా మీ 40,000లోనే లెక్క వేసుకోండి. పిస్టల్ మోత 140 డెసిబెళ్లు దాటుతుంది, వినికిడి ఒకసారి పోతే తిరిగి రాదు.

జవాబు: నల్లగొండ కోర్టు న్యాయవాది

పై ఇద్దరూ పనితనం గురించి చెప్పారు గనుక నేను లేత్ మిత్రుడి దగ్గర మొదలుపెడతాను. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీని తయారు చేయడానికే కాక, మరమ్మతు చేయడానికీ, మార్చడానికీ, పరీక్షించడానికీ లైసెన్సు ఉండాలి. చట్టం దృష్టిలో ఆయుధమంటే దాని భాగాలు కూడా. మీ మిత్రుడు స్నేహం కొద్దీ ఒక చిన్న సియర్‌ను చేసి ఇచ్చినా లైసెన్సు లేకుండా ఆయుధ భాగాన్ని తయారు చేసినవాడవుతాడు, మీరు దాన్ని తీసుకున్నవారవుతారు. లైసెన్సు ఉన్న డీలరు దగ్గరికే వెళ్లండి, ప్రతి పనికీ బిల్లు తీసుకోండి.

బారెల్ పొడవు తగ్గించడం, తుపాకీని ఒక వర్గం నుంచి మరొక వర్గానికి మార్చడం 6వ సెక్షన్ కిందికి వస్తాయి. ఈ రెండవ నిషేధాన్ని 2019 సవరణలో చేర్చారు. మీ లైసెన్సు పాయింట్ 32కు మాత్రమే, 9 ఎంఎం నిషిద్ధ బోరు (సాధారణంగా పౌరులకు లైసెన్సు ఇవ్వని గొట్టం కొలత). విదేశీ వీడియోలలో బారెల్ చివర బిగించే శబ్దం తగ్గించే గొట్టాలు కనిపిస్తే వాటి జోలికి వెళ్లవద్దు. అటువంటి ఉపకరణాన్ని మన చట్టం తుపాకీగానే నిర్వచించింది.

చాలామంది గమనించనిది మెరుగు పూత. పిస్టల్ పాతబడిందని నికెల్ పూత వేయించడమో, గట్టిగా పాలిష్ పట్టించడమో చేస్తే స్లైడ్ మీద, ఫ్రేము మీద ఉన్న నంబరు మసకబారుతుంది. తయారీదారు ముద్రను, నంబరును చెరపడం 8వ సెక్షన్ కింద నేరం. లైసెన్సు పునరుద్ధరణకు ఆయుధాన్ని తీసుకువెళ్లినప్పుడు నంబరు చదవడానికి రాకపోతే, అది పూత వల్ల జరిగిందని నిరూపించుకునే బాధ మీదే అవుతుంది.

ఎన్నికలప్పుడు స్టేషన్‌లో పిస్టల్ డిపాజిట్ చేసేటప్పుడు అదనపు మ్యాగజైన్‌నూ తూటాల సంఖ్యనూ రసీదులో విడివిడిగా రాయించుకోండి. మా జిల్లాలో ఆ రసీదు కోసం రెండోసారి తిరిగే కక్షిదారులు ప్రతి ఎన్నికకూ ఒకరిద్దరు వస్తూనే ఉంటారు.

ప్రశ్నకర్త: మిల్లు యజమాని, మిర్యాలగూడ

ఆర్మరర్ సార్‌కు, పాలమూరు తమ్ముడికి, వకీలు గారికి కృతజ్ఞతలు. రెడ్ డాట్, ట్రిగ్గర్, గట్టి స్ప్రింగ్ ఈ మూడింటినీ కొట్టివేశాను, లేత్ మిత్రుడికీ సంగతి చెప్పేశాను. పలకలు, అసలు మ్యాగజైన్ తీసుకుంటాను. హోల్‌స్టర్ తోలుదా, గట్టి ప్లాస్టిక్‌దా అన్నది తేలలేదు. రాత్రిపూట గోదాము వైపు వెళ్లేటప్పుడు లైటు సంగతి ఏమిటి?

జవాబు: విశ్రాంత ఆర్మరర్, నల్లగొండ

లైటు చేతిలోనే ఉండాలి. పిస్టల్‌కు బిగించిన లైటుతో ఎవరి ముఖమైనా చూడాలంటే వారి మీదికి పిస్టల్ గురిపెట్టినట్లే. మీ గోదాములో రాత్రి కదిలే మనిషి నూటికి తొంభై తొమ్మిదిసార్లు కాపలాదారో, హమాలీయో, లారీ డ్రైవరో అయి ఉంటాడు. ఎడమ చేతిలో పట్టి బొటనవేలితో వెలిగించగల చిన్న టార్చి కొనండి, పిస్టల్ హోల్‌స్టర్‌లోనే ఉండనివ్వండి.

హోల్‌స్టర్‌కు డబ్బు వెనుకాడవద్దు. నా దృష్టిలో మీ ఖర్చులో పెద్ద వాటా దానికే పోవాలి. బహిరంగ స్థలంలో పిస్టల్‌ను హోల్‌స్టర్‌లోనో, సంచిలోనో తప్ప బయటికి కనిపించేలా తీసుకువెళ్లకూడదని 2016 ఆయుధాల నిబంధనలు కూడా చెబుతున్నాయి. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కమ్మీ పూర్తిగా మూసుకుపోవాలి. కొనేముందు దుకాణంలోనే పిస్టల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకొని, హోల్‌స్టర్‌లో పెట్టి, ట్రిగ్గర్ ఉన్న చోట బయటి నుంచి వేలితో గట్టిగా నొక్కండి. వేలి ఒత్తిడి లోపలి ట్రిగ్గర్‌కు తగిలితే అది వద్దు. తరువాత తలకిందులు చేసి కుదపండి, పిస్టల్ కదలకూడదు. పిస్టల్ తీసిన తరువాత హోల్‌స్టర్ నోరు ముడుచుకుపోతే అదీ వద్దు, ఎందుకంటే తిరిగి పెట్టేటప్పుడు రెండో చేయి అవసరమవుతుంది, తోలు అంచు లోపలికి మడిచి ట్రిగ్గర్‌ను తాకే ప్రమాదమూ ఉంటుంది.

తోలు ఒంటికి హాయిగా ఉంటుంది గాని చెమటను పీల్చుకుంటుంది, తోలు పదును చేసిన రసాయనాలు కూడా ఇనుముకు పడవు. మా దగ్గరికి మరమ్మతుకు వచ్చిన పిస్టళ్లలో స్లైడ్ ఒక పక్క మాత్రమే తుప్పు గుంతలతో ఉన్నవి దాదాపు అన్నీ రాత్రింబవళ్లు తోలు హోల్‌స్టర్‌లోనే ఉంచినవే. మీది మిల్లు గనుక నేను గట్టి ప్లాస్టిక్‌కే ఓటు వేస్తాను. దాన్ని కడిగి ఆరబెట్టవచ్చు. ఏదైనా సరే, ఇంటికి రాగానే పిస్టల్‌ను దాని నుంచి తీసి, తుడిచి, గోడకు బిగించిన తాళం పెట్టెలో పెట్టండి.

ఊక దుమ్ము నూనెతో కలిస్తే ముద్ద అవుతుంది. స్లైడ్ పట్టాలకు చుక్క నూనె చాలు, మిగతా చోట్ల నూనె గుడ్డతో తుడిచి వదిలేయండి; మ్యాగజైన్ లోపల మాత్రం చుక్క కూడా వేయవద్దు. రెండు మ్యాగజైన్‌ల అడుగునా రంగుతో 1, 2 అని అంకెలు వేసుకోండి. రేంజిలో ఎప్పుడైనా తూటా చిక్కుకుంటే అది ఏ అంకె మ్యాగజైన్‌తో జరిగిందో రాసి పెట్టుకుంటే, లోపం పిస్టల్‌లో ఉందా, మ్యాగజైన్‌లో ఉందా అన్నది డీలరు దగ్గర వెంటనే తేలిపోతుంది.