ఒరెగాన్ తీరంలో జియోక్యాచింగ్: మోటార్‌హోమ్ వెనక కారు కట్టుకెళ్ళాలా, వ్యాన్ చాలా?

కొత్తబాట
అస్టోరియా నుంచి బ్రూకింగ్స్ దాకా హైవే 101 మీద మూడు వారాలు తిరగాలని ప్లాను. ఇద్దరం రిటైరయ్యాం, ఇద్దరికీ జియోక్యాచింగ్ పిచ్చి, అదే జీపీఎస్‌తో దాచిన డబ్బాలు (క్యాష్‌లు) వెతికి లోపలి లాగ్‌బుక్‌లో పేరు రాసే ఆట. ఒకరికి మోకాళ్ళు సరిగ్గా లేవు. 28 అడుగుల క్లాస్ సి మోటార్‌హోమ్ కొని వెనక చిన్న కారు లాక్కెళ్ళమని కొందరు, 19 అడుగుల క్యాంపర్ వ్యాన్ చాలని కొందరు అంటున్నారు. ఏది నయం?

గవ్వలమూట
వ్యానే. లెక్క చూడండి. బండి 28, కారుని దానికి కలిపే టో బార్ 5, కారు 14. మొత్తం 47 అడుగులు. ఈ తీరంలో క్యాష్‌లు ఎక్కువగా వ్యూపాయింట్ల దగ్గర, ట్రైల్‌హెడ్‌ల దగ్గర ఉంటాయి. చాలా పార్కింగుల్లో చివరిదాకా వెళ్ళాక గానీ తిరిగే చోటు లేదని తెలీదు. నాలుగు చక్రాలూ నేల మీదుండేలా లాగే కారుని వెనక్కి నడపలేరు. రెండు మూడు అడుగులు పోగానే దాని ముందు చక్రాలు వాటంతటవే ఒక పక్కకి పూర్తిగా తిరిగిపోతాయి. ఆ తర్వాత అవి దొర్లవు, అడ్డంగా ఈడ్చుకుపోతాయి, టో బార్ వంగుతుంది. 19 అడుగుల వ్యానైతే మామూలు కారు స్లాట్‌లో పడుతుంది.

పాతకంపాస్
కట్టిన కారుని రివర్స్ చేయకూడదని అందరికీ తెలుసు. అసలు కట్టిన కారుతో క్యాషింగ్‌కి ఎవరు వెళ్తారు మాస్టారూ? కారు కట్టేది క్యాంపు మారే రోజు మాత్రమే. మూడు వారాలకి నాలుగు మకాములు: పైన ఫోర్ట్ స్టీవెన్స్, న్యూపోర్ట్ దగ్గర సౌత్ బీచ్, ఫ్లోరెన్స్ దగ్గర హనీమన్, చివర బ్రూకింగ్స్‌లో హారిస్ బీచ్. నాలుగూ స్టేట్ పార్కులే, నాలుగింట్లోనూ కరెంటు హుకప్ ఉంది. హనీమన్‌లో దిగితే హెసీటా హెడ్, కేప్ పెర్పెటువా కొండకొనలు రెండూ కారుకి ఒక పూట పని.

వ్యాన్‌లో ఏమవుతుందో కూడా చెప్పండి మరి. పొద్దున రెండు మైళ్ళ దూరంలోని క్యాష్‌కి వెళ్ళాలన్నా ఇల్లంతా మడవాలి. ముందు పెడస్టల్ (క్యాంపు స్థలంలోని కరెంటు స్తంభం) మీద బ్రేకర్ ఆపి 30 ఆంపుల కేబుల్ పీకాలి. నీళ్ళ గొట్టం విప్పాలి. ఆనింగ్ (బండి పక్కన నీడకి పరిచే గుడ్డ) చుట్టాలి. గిన్నెలు కదలకుండా సర్దాలి. సాయంత్రం తిరిగొచ్చి మళ్ళీ అన్నీ మొదట్నించీ. మూడో రోజుకి "ఇవాళ వద్దులే" అంటారు.

గవ్వలమూట
కారు విప్పడం ఏదో చిటికెలో పని అన్నట్టు రాశారు. స్థలం వాలుగా ఉన్నా, బండీ కారూ ఒకే గీత మీద లేకపోయినా టో బార్ చేతులు బిగుసుకుంటాయి, పిన్ రాదు. సుత్తితో కొట్టేవాళ్ళున్నారు. పైగా ప్రతి కారూ ఇలా లాగడానికి పనికిరాదు. ఓనర్స్ మాన్యువల్‌లో "రిక్రియేషనల్ టోయింగ్" పేజీ చూడకుండా లాగితే గేర్‌బాక్స్ పోతుంది.

పాతకంపాస్
బిగుసుకోని రకం టో బార్లు వచ్చాయి. మీరు ప్రతి థ్రెడ్‌లోనూ ఈ పిన్ దగ్గరే ఆగుతారు. పోయిన చలికాలం బ్రేకుల థ్రెడ్‌లోనూ ఇంతే.

ఉప్పుగాలి
ఏ బండైనా ఉత్తరం నుంచి దక్షిణానికే నడపండి. సముద్రం కుడిపక్క వస్తుంది, వ్యూపాయింట్లు చాలావరకూ అటే. కుడికి తిరిగి ఆగొచ్చు, కుడికే తిరిగి బయటపడొచ్చు. పెద్ద బండికి 101 మీద ఎడమ మలుపు తప్పడమంటే సగం తలనొప్పి తప్పినట్టే.

మూడోఅల
మీరిద్దరూ బండి పొడవు దగ్గరే కూర్చున్నారు. ఇక్కడ అలలు చూసుకోని క్యాషర్‌ని ఏ బండీ కాపాడదు. క్యానన్ బీచ్‌కి దక్షిణంగా హగ్ పాయింట్ ఉంది. హైవే రాకముందు గుర్రబ్బళ్ళ కోసం కొండ అంచున రాతిని తొలిచిన దారి అది. పోటు మీదుంటే దాటలేరు. ఆటుకి గంట ముందు అక్కడికి చేరండి, ఆటు దాటిన గంటలోపు వెనక్కి రండి. ఈ తీరంలో రోజుకి రెండు ఆట్లు వస్తాయి కానీ రెండూ ఒకే మట్టం కావు. పట్టికలో సమయం ఒక్కటే చూసి ఎత్తు చూడకపోతే, "ఆటు" అని దిగిన చోట మోకాలి లోతు నీళ్ళుంటాయి. నిన్నటి టైముకే ఇవాళా వెళ్ళకండి, రోజుకి సుమారు 50 నిమిషాలు జరుగుతుంది.

కేప్ పెర్పెటువా దగ్గర ఒడ్డు రాతిలో గొయ్యిలా ఉండే థోర్స్ వెల్‌లో దీనికి తలకిందులు. నీళ్ళు ఎగజిమ్మేది చూడాలంటే పోటు వేళకే వెళ్ళాలి. కానీ పైన నిలబడే చూడండి, ఫోటో కోసం ఆ నల్లరాయి మీదకి దిగొద్దు. కాసేపు చిన్న అలలు వచ్చి, ఉన్నట్టుండి ఒకటి చాలా పైదాకా వస్తుంది. స్నీకర్ వేవ్ అంటారు. ఒడ్డున పడున్న దుంగని కూడా అది దొర్లిస్తుంది, కాబట్టి దుంగ కింద క్యాష్ వెతికేటప్పుడు సముద్రానికి వీపు పెట్టకండి.

నత్తగుల్ల
జియోక్యాచింగ్ పుట్టింది ఒరెగాన్‌లోనే కదా, 2000 మే 3న. అక్కడికీ వెళ్తారా?

ఉప్పుగాలి
అది బీవర్‌క్రీక్. పోర్ట్‌లాండ్ పక్క, తీరం కాదు. వేరే రోజు పెట్టుకోవాలి.

గవ్వలమూట
ఆటుపోట్లు సరే. పాతకంపాస్ గారూ, మోకాళ్ళు బాగోలేవని ఆయన మొదటి పోస్టులోనే రాశారు. మీ నాలుగు మకాముల పద్ధతిలో జరిగేదేంటి? ఒకరు క్యాంపులో కుర్చీ వేసుకుని కూర్చుంటారు, ఇంకొకరు కారేసుకుని ఇరవై డబ్బాలు తెరిచొస్తారు. అదే వ్యానైతే ఇద్దరూ పార్కింగ్ దాకా వస్తారు. టెర్రైన్ (దారి ఎంత కష్టమో చెప్పే అంకె) 1.5 దాటనివి ఫిల్టర్ పెట్టుకుంటే ఇద్దరూ నడుస్తారు.

పాతకంపాస్
ఆ కుర్చీ మీకు అవమానంలా కనిపిస్తోంది. నొప్పి ఉన్న మనిషికి దగ్గర్లో మంచం, సరైన టాయిలెట్ ఉండాలి. వ్యాన్ బాత్రూంలో మోకాళ్ళు మడిచి ఒకసారి కూర్చోమనండి తెలుస్తుంది. పైగా కూర్చున్న మనిషి ఊరికే ఉండరు, మిస్టరీ క్యాష్‌ల (పజిల్ విప్పితేనే చోటు తెలిసేవి) పజిళ్ళు విప్పుతారు. రెండోవాళ్ళు వెళ్ళి తీస్తారు. ఇద్దరి పేర్లూ లాగ్‌లో రాస్తారు. జట్టంటే అదే.

గవ్వలమూట
ఇదిగో, అసలు సంగతి బయటపడింది. వెళ్ళని మనిషి పేరు రాసి ఇద్దరి ఖాతాల్లోనూ "ఫౌండ్" కొట్టడం! మీరు మూడేళ్ళుగా ప్రతి వాదనలోనూ సమర్థించేది దీన్నే.

పాతకంపాస్
లాగ్‌బుక్‌లో సంతకం ఉండాలన్నది నియమం. పజిల్ విప్పిన మనిషి లేకపోతే ఆ డబ్బా దొరికేదే కాదు. మీ ఖాతాలో ఉన్న మిస్టరీ క్యాష్‌లన్నీ మీరే విప్పారా? అవి ఎవరి సమాధానాలో అందరికీ తెలుసు.

నత్తగుల్ల
అడ్మిన్ గారూ, పాప్‌కార్న్ ఎక్కడ దొరుకుతుంది?

కొత్తబాట
ఒక్క నిమిషం. మోకాళ్ళు నావి కావు, మా ఆవిడవి. పక్కనే కూర్చుని చదువుతోంది. తను చెప్పమన్నది చెప్తున్నాను. పజిళ్ళు విప్పడం ఇష్టమే, కానీ డబ్బా తన చేత్తో తెరవకపోతే తన పేరు రాయొద్దట. అలాగని ప్రతిచోటికీ రావాలన్న పట్టూ లేదట. మధ్యాహ్నం రెండు గంటలు నడుం వాల్చాల్సిందేనట.

మూడోఅల
అలాగైతే మీ ప్రశ్నకి జవాబు మారుతుంది. పడక తప్పనిసరి, ఇద్దరూ కలిసి వెళ్ళేవి కొన్నే. 24 అడుగుల క్లాస్ సి చూడండి, కారు లేకుండా. కొనేముందు వారం అద్దెకి తీసుకోండి. చాలా అద్దె కంపెనీలు వెనక ఏదీ లాగనివ్వవు, కాబట్టి పిన్ గొడవే ఉండదు. తోక ఊపు మాత్రం గుర్తుంచుకోండి. వెనక ఇరుసు తర్వాత ఉన్న భాగం మీరు తిరిగే వైపుకి ఎదురుగా బయటికి ఊగుతుంది. బంకులో పంపు పక్కనుంచి వెంటనే ఎడమకి కోస్తే కుడి వెనక మూల పంపుకి రాసుకుంటుంది. పూర్తిగా ముందుకొచ్చాకే తిప్పాలి.

జాబితా ఇంట్లోనే చేసుకోండి. "ట్రక్ డ్రైవర్/ఆర్వీ" అని క్యాష్ పేజీలో ఒక యాట్రిబ్యూట్ (గుర్తు) ఉంటుంది, పెద్ద బండి అక్కడ పడుతుందని అర్థం. దాంతో టెర్రైన్ 1, 1.5 కలిపి వెతకండి. టెర్రైన్ 1 అంటే వీల్‌చెయిర్ కూడా వెళ్ళాలి. ఎర్త్‌క్యాష్‌లు చేర్చుకోండి, వాటికి డబ్బా ఉండదు. చూసి, ప్రశ్నలకి జవాబులు ఓనర్‌కి పంపడమే. జియోక్యాచింగ్ సైట్‌లో ప్రీమియం సభ్యత్వం ఉంటే పాకెట్ క్వెరీ అనే జాబితాతో ఒకేసారి వెయ్యి క్యాష్‌లు దించుకోవచ్చు. కొండ మలుపుల్లో చాలాచోట్ల సిగ్నల్ అందదు.

పెన్సిల్, ట్వీజర్లు, కొన్ని చిన్న జిప్ కవర్లు జేబులో పెట్టుకోండి. ఇక్కడి మైక్రోల్లో (చిన్న డబ్బాల్లో) కాగితం ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, బాల్‌పెన్ దాని మీద జారుతుంది. నానో (అంతకన్నా బుల్లి డబ్బా) అయితే లాగ్ బయటికి తీయడం తేలికే. మళ్ళీ చుట్టి లోపల పెట్టడమే కష్టం. ట్వీజర్ల సందులో కాగితం చివర పట్టి గట్టిగా చుట్టి, ట్వీజర్లతో సహా మూతలో దించి, అప్పుడు లాగేయాలి.

కొత్తబాట
తను 24 అడుగులదానికి సరేనంది. ట్వీజర్లు తన దగ్గరే ఉంటాయట.

గవ్వలమూట
మంచిది. కానీ ఎప్పుడైనా కారు కట్టాల్సొస్తే, విప్పే ముందు బండిని తిన్నగా కొంచెం ముందుకి జరపండి. పిన్ మీద బిగువు పోతుంది.

పాతకంపాస్
ఇంకా పిన్నే.