రోమా 16 చదువుతుంటే మొదలైంది, ఇది పిలుపేనా?

నైట్‌డ్యూటీ సిస్టర్:
అందరికీ వందనాలు. నేను గవర్నమెంట్ హాస్పిటల్లో స్టాఫ్ నర్సుని, 41 ఏళ్ళు, సీఎస్‌ఐ (దక్షిణ భారత సంఘం). పుట్టిందగ్గర్నుంచి మందిరంలోనే పెరిగా కానీ నిజం చెప్పాలంటే బైబిల్ అంటే నాకు నాలుగు కీర్తనలు, పాస్టర్ అయ్యగారు ఆదివారం చెప్పింది, అంతే. పోయినేడాది మా స్త్రీల మైత్రిలో బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక తీసుకున్నాం, వారానికో అధ్యాయం, వంతులవారీగా ఒకళ్ళు చెప్పాలి, నాకు చివరి 16 పడింది. అందరూ నవ్వారు, నీకు పేర్ల లిస్టు తగిలింది పాపం అని.

మొదటి వచనం దగ్గరే ఆగిపోయా. "సంఘ పరిచారకురాలగు ఫీబే". పరిచారకులు అనే మాట ఫిలిప్పీ 1:1లో అధ్యక్షుల పక్కనే ఉంది, 1 తిమోతి 3లో వాళ్ళ అర్హతలు కూడా ఉన్నాయి, అదే మాట ఈమెకి వాడాడా అని. రాత్రి రెండు దాటాక డ్రిప్‌లు చూసొచ్చి కూర్చుని లెక్కపెడితే ఆ ఒక్క అధ్యాయంలో పదిమంది ఆడవాళ్ళు తేలారు. ప్రిస్కిల్ల, మరియ, యూనీయ, పెర్సిసు... రూఫు వాళ్ళమ్మకి, నేరియ అక్కకో చెల్లికో అసలు పేరు కూడా రాయలేదు, అయినా వందనాలు చెప్పాడు.

ఆ రోజు నలభై నిమిషాలు మాట్లాడా, నాకే తెలీలేదు. అయ్యాక చదువురాని ఒక మామ్మ వచ్చి చెయ్యి పట్టుకుని మళ్ళీ ఎప్పుడు చెప్తావమ్మా అంది. అప్పట్నుంచి నిద్ర లేదు, థియాలజీ చదవాలని ఒకటే ఇది. మావారేమో హౌస్ లోను, పెద్దాడి ఇంటర్ గుర్తుచేస్తున్నారు, తప్పేం లేదు. కమిటీలో ఒకాయన అయితే ఆడవాళ్ళకి ప్రార్థన చాలమ్మా అనేశాడు. ఇది దేవుడి పిలుపో, బాగా చెప్పానన్న ఊపో ఎలా తెలుసుకోవాలి?

రిటైర్డ్ ప్రెస్బిటర్ (పాస్టర్):
అమ్మా, సమూయేలుకి మూడుసార్లు పిలుపు వినపడితే మూడుసార్లూ ఏలీ దగ్గరికే పరిగెత్తాడు, అది దేవుడని పోల్చుకుంది ఆ చూపు మందగించిన ముసలాయన. అంతియొకయలో కూడా బర్నబాను సౌలును ప్రత్యేకపరచమని ఆత్మ చెప్పింది సంఘానికి. కాబట్టి దీన్ని నువ్వొక్కదానివే తేల్చుకోలేవు, అలాగని కమిటీలో ఆ ఒక్కాయనే సంఘం అనుకోవద్దు. నన్నడిగితే ఆ మామ్మ కూడా సంఘమే.

ఒక పరీక్ష పెట్టుకో. ఈసారి నీ వంతుకి సంఖ్యాకాండం 7 తీసుకో. గోత్రాల ప్రధానులు తెచ్చిన కానుకల లిస్టు, 89 వచనాలు. దాన్నీ రోమా 16 తవ్వినట్టే తవ్వాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

నెల్లూరు బ్రదర్:
సిస్టర్ తప్పుగా అనుకోవద్దు, వాక్యం చదవటం మంచిదే కానీ 1 తిమోతి 2:12 కూడా అదే పౌలు రాశాడు కదా, ఉపదేశించుటకు సెలవియ్యను అని. మా సంఘంలో స్త్రీలు పుల్‌పిట్ ఎక్కరు. పరిచారకురాలు అంటే సేవ చేసేది అని కూడా అర్థం ఉంది, ఒక్క మాట పట్టుకుని అంత దూరం వెళ్ళొద్దు.

బీడీ (థియాలజీ డిగ్రీ) థర్డ్ ఇయర్:
బ్రదర్, ఆ వచనం క్లాసులో మేం కూడా దాటేయం, వారాలు కొట్టుకుంటాం దాని మీద. కానీ అపొల్లో అంతటి పండితుడికి దేవుని మార్గం మరి పూర్తిగా విశదపరిచింది ప్రిస్కిల్ల అకుల అని అపొస్తలుల కార్యములు 18లో ఉంది, ఆమె పేరే ముందు. ఇంకోటి, రోమా 16లో ఆ ఆడవాళ్ళు "ప్రయాసపడిరి" అన్నాడే, 1 కొరింథీ 15:10లో తన పరిచర్యకి కూడా అదే మాట వాడుకున్నాడు, గ్రీకులో కూడా అదే క్రియ. ఎవరి సంఘం నియమం వాళ్ళది, సిస్టర్‌ది సీఎస్‌ఐ, అక్కడ స్త్రీలకి పాస్టర్లుగా అభిషేకం 1976 నుంచే ఉంది, 2013లో నంద్యాలకి పుష్పలలిత గారు బిషప్ కూడా అయ్యారు.

సిస్టర్, ప్రాక్టికల్‌గా చెప్తా. హైదరాబాద్ ఏసీటీసీలో (ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ) బీడీ అంటే డిగ్రీ ఉన్నవాళ్ళకి 4 ఏళ్ళు, హీబ్రూ గ్రీకు కూడా ఉంటాయి, ఆర్డినేషన్, అంటే ఆ అభిషేకం, కావాలంటే మీ డయాసిస్ (బిషప్ గారి పరిధి) పంపాలి, అంటే మీ పాస్టరేట్ (స్థానిక సంఘం) సిఫారసు కావాలి. ఉద్యోగం ఇప్పుడే మానొద్దు ప్లీజ్. సేరంపూర్ యూనివర్సిటీ వాళ్ళ బీసీఎస్ (బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్) ఎక్స్‌టర్నల్‌గా ఉంది, డ్యూటీ చేస్తూ చదవొచ్చు. పౌలు కూడా డేరాలు కుట్టాడు.

నెల్లూరు బ్రదర్:
ప్రిస్కిల్ల చెప్పింది ఇంట్లో, పుల్‌పిట్ మీద కాదు. సరే వాదన వద్దు, సిస్టర్ కోసం ప్రార్థన చేస్తాను.

నైట్‌డ్యూటీ సిస్టర్:
బ్రదర్ థాంక్స్, 2:12 కూడా నోట్సులో రాసుకున్నా, దాటెయ్యను. బీసీఎస్ సంగతి మావారికి చెప్తే లోను జోలికి రాదు కదా అయితే సరే అన్నారు. మొన్న ఆ మామ్మ బీపీ చూపించుకోటానికి వచ్చి ఓపీ లైన్లోనే ఫీబే కథ మళ్ళీ చెప్పమంది, వెనకాల ముప్పైమంది ఉన్నారు మామ్మా అని ఆదివారం సాయంత్రం ఇంటికొస్తానని చెప్పా.

అయ్యగారూ, సంఖ్యాకాండం 7 మొదలుపెట్టా. 130 తులాల వెండి గిన్నె ఇప్పటికి అయిదోసారి వచ్చింది. మొత్తం 12 సార్లూ అదే గిన్నె అయితే మళ్ళీ మళ్ళీ ఎందుకు రాయించాడో అని ఆలోచిస్తున్నా, మీరు మాత్రం ఇప్పుడే చెప్పొద్దు.