పత్తికట్టె బొగ్గుతో షెడ్డు నీళ్లలోని భాస్వరం పట్టొచ్చా?

మాది వరంగల్ దగ్గర చిన్న డెయిరీ. షెడ్డు కడిగిన నీళ్లతో పాటు బోలెడంత నత్రజని, భాస్వరం కాలువపాలు అవుతున్నాయి, మళ్లీ మేమే యూరియా, డీఏపీ కొంటున్నాం. ఇక్కడ పత్తికట్టెను ఎలాగూ చేలోనే తగలబెడతారు కాబట్టి, దాన్ని గాలి ఆడకుండా కాల్చి బొగ్గు చేసి, డ్రమ్ములో నింపి నీళ్లు వడకడుతున్నా. మామూలు బొగ్గు అమ్మోనియంను (నీళ్లలో నత్రజని ఉండే ఒక రూపం) కొంత పడుతుంది గానీ ఫాస్ఫేట్‌ను (నీళ్లలో భాస్వరం ఉండే రూపం) పెద్దగా పట్టదు, బొగ్గుదీ ఫాస్ఫేట్‌దీ ఋణావేశమే కదా. కట్టెను ముందు మెగ్నీషియం క్లోరైడ్ నీళ్లలో నానబెట్టి కాలిస్తే పడుతుందట, ఎవరైనా చేశారా? కాల్చాక సున్నపు నీళ్లలో నానబెడితే సరిపోదా, చవక కదా?

ఇంకోటి, పైపొర పేడ జిగురుతో ఊరికే మూసుకుపోతోంది. ముందు తేర్చే తొట్టి కట్టాలా, ఇసుక పొర చాలా? బొగ్గు నిండిందని ల్యాబ్‌కు పంపకుండా తెలుసుకునే దారుంటే చెప్పండి, నిండినదాన్ని మిరప చేలో వేసేద్దామనుకుంటున్నా.