కాలిన్స్ భయం లేని ఎలిజబెత్ కథలో పట్టు ఉంటుందా?

ప్రశ్న:
జేన్ ఆస్టెన్ నవలలను ఈ కాలానికి మార్చి రాసినవి వరుసగా చదువుతున్నాను. చాలావాటిలో ఒకే చోట పట్టు సడలిపోతోంది. 1813లో వచ్చిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో బెనెట్ గారికి ఏడాదికి 2,000 పౌండ్ల రాబడి ఉంది. ఆయన కన్నుమూస్తే మాత్రం ఇల్లూ భూమీ మగ వారసుడైన కాలిన్స్‌కే పోతాయి. భార్యకూ అయిదుగురు ఆడపిల్లలకూ నిలువ నీడ ఉండదు. అది తెలుసు కాబట్టే, వారి రెండో కూతురు ఎలిజబెత్, తనను చేసుకుంటానన్న కాలిన్స్‌ను కాదన్నప్పుడు మన గుండె ఝల్లుమంటుంది. కొత్త నవలల్లో ఆమెకు ఉద్యోగం ఉంది, సొంత ఫ్లాటు ఉంది. ఎవరిని కాదన్నా పోయేదేమీ లేదు. ఆ ఒత్తిడిని ఈ రోజుల్లోకి నిజంగా తేగలిగినవారు ఉన్నారా?

జవాబు:
ఎలిజబెత్ ఆఖరి చెల్లెలు లిడియా కథ చూడండి. పెళ్లి కాకుండా వికమ్ అనే సైనికాధికారితో లేచిపోతే అప్పట్లో అక్కలందరి సంబంధాలూ చెడేవి. ఇప్పుడు అంత ముప్పు లేదు. అందుకే 2012లో మొదలైన ‘ది లిజ్జీ బెనెట్ డైరీస్’ అనే, ఈ కథనే నేటి కాలానికి మార్చిన ఇంటర్నెట్ వీడియోల్లో, వారి ఏకాంతపు వీడియోను వికమ్ ఆమెకు తెలియకుండా అమ్మకానికి పెట్టబోతాడు. పరువు పోయేది మళ్లీ ఆమెకే.

మరో జవాబు:
ఆస్టెన్ మరో నవల ‘ఎమ్మా’ కథానాయికకు ఈ చిక్కే లేదు. ఆమెకు 30,000 పౌండ్లున్నాయి, పెళ్లి అవసరం లేదని తానే చెబుతుంది. అందుకే 1995 నాటి ‘క్లూలెస్’ సినిమా ఆమెను బెవర్లీ హిల్స్ హైస్కూలుకు అంత హాయిగా తీసుకెళ్లింది. ఎవరు పైమెట్టు, ఎవరు కిందిమెట్టు అనే లెక్క అక్కడా ఉంది కదా!

ప్రశ్న అడిగినవారు:
లిడియా మార్పు నిజంగా గొప్పది, ఒప్పుకుంటాను. నా బాధ ఎలిజబెత్ స్నేహితురాలు షార్లెట్ గురించి. 27 ఏళ్లకు, తలదాచుకోవడానికి ఓ ఇల్లు కోసం కాలిన్స్‌ను చేసుకుంటుంది. అతని గది రోడ్డు వైపు ఉంటే, తాను కూర్చోవడానికి పెరటి వైపు గది ఎంచుకుంటుంది. తన గది కూడా అంత బాగుంటే అతను రోజంతా అక్కడే ఉంటాడని! ఆ కాపురం ఎలాంటిదో ఆ ఒక్క గదితో తెలిసిపోతుంది. మీరన్న డైరీస్‌లో ఆమె కాలిన్స్ కంపెనీలో ఉద్యోగంలో చేరుతుంది. ఉద్యోగం నచ్చకపోతే మానేయవచ్చు. ఆనాటి ఇంగ్లండ్‌లో విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకోవాలంటే పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాల్సిందే. ఆమెను ఆ గదిలోనే ఉంచి రాసిన కొత్త నవల ఏదైనా ఉంటే పేరు చెప్పండి, ముందు అదే చదువుతాను.