ఆటోక్యాడ్‌లో హ్యాచ్ (గోడల్లో నింపే రంగు, గీతలు) తెర మీద ఒకలా, కాగితం మీద ఇంకొకలా: ఎవరికైనా ఇలా జరిగిందా?

గుణుపురం_గీత:
నాలుగు ఏ1 షీట్లు రాయగడ వెళ్లి ప్రింటు తీయించుకొచ్చాను. పాత ఇంట్లో రెండు గోడలు కూల్చి పైన మేడ వేసే పని, 1:50 స్కేలు. గోడలకు 8వ నంబరు బూడిద రంగు సాలిడ్ హ్యాచ్ పెడితే బొగ్గు పూసినట్టు వచ్చింది. గోడ మీద పడిన కొలతలు ఒక్కటీ కనబడలేదు. కూల్చే గోడలకు వేసిన పసుపు గీతలూ నలుపే. పునాది రాతికట్టుకు వేసిన గ్రావెల్ హ్యాచ్ ముద్ద కట్టింది. సోమవారం మున్సిపాలిటీలో ఇవ్వాలి. మూడింటికీ మందు చెప్పండి.

రాయగడ_సివిల్:
నన్ను మూడు నెలలు ఏడిపించింది ట్రాన్స్‌పరెన్సీ. హ్యాచ్ ఉన్న లేయరుకు (పొరకు) 60 పెట్టాను, తెర మీద అద్దంలా ఉంది, ప్రింటులో చూస్తే కొంచెం కూడా పలచబడలేదు. ప్రింటు తీసేటప్పుడు వచ్చే ప్లాట్ పెట్టెలో 'ప్లాట్ ట్రాన్స్‌పరెన్సీ' అనే గడి ఉంటుంది. దానికి టిక్కు పెట్టకపోతే అంతా వృథా. ప్రతి లేఅవుటుకూ (షీటుకూ) విడిగా పెట్టి పేజీ సెటప్‌లో భద్రం చేసుకోవాలి. టిక్కు పెట్టాక ఫైలు బరువెక్కుతుంది, సన్న గీతల పదును తగ్గుతుంది, అది మాత్రం చూసుకోండి.

బరంపురం_ప్లాటర్:
గుణుపురం తమ్ముడు ట్రాన్స్‌పరెన్సీ అడగలేదమ్మా. పదహారేళ్లుగా ఈ ప్రింటు యంత్రం పక్కనే కూర్చుంటున్నాను, ఈ రోగం చూడగానే తెలుస్తుంది. డ్రాయింగు పంపుతారు, ఏ రంగు ఎలా అచ్చవ్వాలో చెప్పే సీటీబీ ఫైలు పంపరు. మేము మోనోక్రోమ్ సీటీబీతో తీస్తాం. అది 1 నుంచి 255 వరకు ప్రతి నంబరునూ నలుపు చేస్తుంది. మీ 8 నలుపు, మీ పసుపు 2 కూడా నలుపే. తిట్లు మాత్రం దుకాణానికి! ఆ సీటీబీని వేరే పేరుతో నకలు చేసి, 8వ రంగుకు స్క్రీనింగ్ (సిరా చిక్కదనం శాతం) 40 పెట్టండి. 2వ రంగును 'యూజ్ ఆబ్జెక్ట్ కలర్'కు మార్చండి, గీసిన రంగే వస్తుంది.

సిరోంచ_డ్రాఫ్టింగ్:
అంత శ్రమ ఎందుకు? పసుపు హ్యాచ్‌కు ట్రూ కలర్‌లో (నంబరు బదులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లలో) 255,255,0 ఇవ్వండి. మోనోక్రోమ్ ట్రూ కలర్‌ను ముట్టుకోదు. నేను ప్రాణహిత వంతెన దాటి చెన్నూరు మీదుగా మంచిర్యాల వెళ్లి తీయిస్తాను, ఎప్పుడూ పసుపు పసుపుగానే వచ్చింది.

బరంపురం_ప్లాటర్:
మా కొంప ముంచేది ఈ సలహానే. మొన్న ఒకరి ఫైలులో ఎక్కడినుంచో తెచ్చి అతికించిన ఫర్నిచరు బ్లాకులన్నీ (సిద్ధంగా దొరికే బొమ్మలన్నీ) ట్రూ కలరు. నలుపు ప్రింటు అడిగారు, ఊదా మంచాలు, ఆకుపచ్చ కుర్చీలు వచ్చాయి. ఆరు షీట్లు చెత్తబుట్టలో పడ్డాయి. ఆ కాగితం డబ్బులు ఎవరిస్తారు?

సిరోంచ_డ్రాఫ్టింగ్:
నేను ఒక్క హ్యాచ్‌కు చెప్పాను, మంచాలకు కాదు. ఎవరో చేసిన తప్పు నా నెత్తిన రుద్దకండి.

పర్లాకిమిడి_మాస్టారు:
ముప్పై అయిదేళ్లు గీసిన చెయ్యి నాది. ట్రేసింగ్ కాగితాన్ని వెనక్కి తిప్పి, గోడ మందం మీద పెన్సిలు మెత్తగా రుద్ది, దూదితో సమం చేసేవాళ్లం. అమోనియా ప్రింటు తీస్తే ముందువైపు సిరా గీత నల్లగా, గోడ లేతగా వచ్చేది. అంకె మీద రంగు ఎక్కేదే కాదు. కంప్యూటరులోనూ రంగు వెనక, గీత ముందు ఉండాలి. 'హ్యాచ్‌టుబ్యాక్' అని కొట్టండి బాబూ, హ్యాచ్‌లన్నీ వెనక్కి పోతాయి. అసలు కూల్చే గోడకు రంగెందుకు, చుక్కగీత చాలదా? ఇప్పటి పిల్లలకు గీత విలువ తెలియదు.

రాయగడ_సివిల్:
మాస్టారూ, మేమూ రాత్రుళ్లు మేలుకుని గీస్తున్నవాళ్లమే, ఆ మాట అనకండి. రంగు ఎందుకంటే జాతీయ భవన నియమావళి 2016లో ప్లాన్ల రంగుల పట్టిక ఉంది. కొత్తగా కట్టేది ఎరుపుతో నింపాలి, కూల్చేది పసుపు గీతలతో చూపాలి. నలుపు ప్రింటు ఇచ్చినందుకు నా ఫైలు ఒకసారి తిరిగొచ్చింది. ఆ తిరుగుడుకు వానాకాలం దాటిపోయి ఆ ఇంటివాళ్లు అద్దె ఇంట్లోనే ఉండిపోయారు.

పర్లాకిమిడి_మాస్టారు:
అనుమతి ప్లానుకు సరేనమ్మా, రంగు ఉండాల్సిందే. మేస్త్రీకి ఇచ్చే కాగితానికి మాత్రం నా మాటే.

గుణుపురం_గీత:
రాతికట్టు సంగతి ఎవరూ చెప్పలేదు.

సిరోంచ_డ్రాఫ్టింగ్:
'మెజర్‌మెంట్' అని కొట్టి చూడండి. 0 ఉంటే అంగుళాల నమూనాలు, 1 ఉంటే మిల్లీమీటర్ల నమూనాలు తీసుకుంటుంది. ఆన్సీ31 అనే ఏటవాలు గీతల నమూనాలో గీతల మధ్య ఎడం మొదటిదానిలో 0.125, రెండోదానిలో 3.175. మిల్లీమీటర్లలో గీస్తూ అక్కడ 0 ఉంటే హ్యాచ్ 25.4 రెట్లు చిక్కబడుతుంది. 1కి మార్చాక పాత హ్యాచ్ తనంతట తాను మారదు, మళ్లీ వేయాలి.

పర్లాకిమిడి_మాస్టారు:
రాతికట్టు మొత్తం నింపవద్దు. మూలల్లో కొన్ని రాళ్లు, మధ్యలో కొన్ని రాళ్లు చూపిస్తే రాయి అని ఎవరికైనా తెలుస్తుంది.

గుణుపురం_గీత:
మెజర్‌మెంట్ 0 ఉంది! 1 చేసి, మాస్టారు చెప్పినట్టు మూలల్లోనే వేశాను, రాళ్లు విడివిడిగా కనబడుతున్నాయి. గోడ మూల ఒక్కటే అదే 1:50లో ఏ4 మీద తీసి చూశాను. స్క్రీనింగ్ 40 కాస్త ముదురు, 30 దగ్గర అంకెలు చక్కగా తేలాయి. పసుపుకు సీటీబీ మార్గమే పట్టాను, సిరోంచ అన్న ఏమీ అనుకోవద్దు. ఇంకొక్కటి: టైటిల్ బ్లాకులో (షీటు వివరాల పెట్టెలో) ఒడియాలో రాసిన ఊరి పేరు గడులుగా వస్తోంది.

బరంపురం_ప్లాటర్:
ఆ ఫాంటు దుకాణం కంప్యూటరులో ఉండదు. మీ దగ్గరే పీడీఎఫ్ చేసి పంపండి తమ్ముడూ. శనివారం మధ్యాహ్నానికి అందితే షీట్లు సాయంత్రం బస్సుకు ఇస్తాను.